రామలింగయ్య మిల్లులో ఫ్లూ సున్నా

ఫ్లూ రావడం అదృష్టమప్పా!

అవును, తెలివిలో ఉండే రాస్తాండా. ఒళ్లు కూడా వెచ్చగా లేదు, ఇప్పుడే మెడ కింద చెయ్యి పెట్టి చూసుకున్నా. ఫ్లూ రావడం అదృష్టం. అది వస్తాండాదని ముందే తెలియడం ఇంకా పెద్ద అదృష్టం. ఇంక దాన్ని ఎదుర్కోడానికి ఒక కమిటీ, ఒక సెక్రటరీ, ఒక రిజిస్టరు కూడా ఉంటే... అబ్బబ్బ, ఆ అదృష్టం ఎంతమందికి పడతాది చెప్పండి!

నమ్మరా? మీరెందుకు నమ్ముతారు లెండి! మీ ఆఫీసుల్లో మీరు ఏం చేసినారు? సింగపూరు నుంచి వచ్చిన ఓడలో మద్రాసుకు ఇన్‌ఫ్లుయెంజా దిగిందని పేపర్లో చదివినారు. పక్క కుర్చీ ఆయనకు చూపించినారు. ఇద్దరూ కలిసి కాఫీకి పోయినారు. పది దినాలకు ఆఫీసు ఆఫీసంతా దుప్పటి కప్పుకోని మూలుగుతాండాది. ఒక సంస్థ నడిచే పద్ధతేనా ఇది?

కదిరికి రండి! రామలింగయ్య శెట్టి శెనిక్కాయల మిల్లు, అదే మీ వేరుశెనగ మిల్లు, చూడండి! ఈ 1957లో దేశం దేశమంతా తుమ్ముతా ఉంటే, నలభై మంది పనిచేసే ఆ మిల్లులో ఫ్లూ వచ్చినోళ్లు ఎంతమంది?

సున్నా!

రిజిస్టర్లో రాసుండాది. ఎర్ర సిరాతో రాసుండాది. కింద రెండు గీతలు కూడా గీసుండాది. కండ్లారా చూసి వచ్చి చెప్తాండా. ఆ సున్నా ఎట్ల వచ్చిందో తెలుసుకుంటే మీ బ్యాంకులు, మీ స్కూళ్లు, మీ తాలూకా కచేరీలు అన్నీ ఒక్క దెబ్బకు బాగుపడతాయి. పెన్సిలు ఉంటే తీసుకోండి. లేకపోతే పక్కోన్ని అడగండి, ఆయన తుమ్మకుండా ఉంటేనే.

ఆ సున్నాను కన్న మహానుభావుని పేరు శేషయ్య. మిల్లు గుమాస్తా. ఇరవై రెండేండ్లుగా గుమాస్తా.

మిల్లు ఆఫీసు గది తలుపు మీద ఒక చెక్క బోర్డు వేలాడతాండాది. దాని మీద 'మేనేజర్' అని పెద్ద అక్షరాలు. మేనేజర్ మాత్రం లేడు! ముందరి ఓనరు కాలంలో ఎవరో ఉండి పోయినాడంట, బోర్డు మిగిలిపోయింది. ఇరవై రెండేండ్లు శేషయ్య ఆ బోర్డు కింద నుంచే లోపలికి పోయినాడు, బయటికి వచ్చినాడు. పండగ పండక్కీ స్టూలెక్కి దాన్ని తడిగుడ్డతో తుడిచేదీ ఆయనే. 'మేనేజర్' అనే మాట కింద రొంత ఖాళీ ఉండాది, ఒక పేరు పట్టేంత. ఆ ఖాళీని ఆయన రెండుసార్లు తుడుస్తాడు.

ఇప్పుడు మిల్లు సంగతి ఒకటి చెప్పల్ల, లేకపోతే ఈ సైన్సు మీకు అర్థం కాదు. నూనెకు పొయ్యే శెనిక్కాయల్ని మిషన్ ఒలుస్తాది. ఇత్తనాలకు మిషన్ పనికిరాదు, పప్పు బద్దలైపోతాది, భూమిలో వేస్తే మొలకే రాదు. అందుకని వాన రాకముందే ఇత్తనం కాయలు చేత్తో ఒలిపించల్ల. ముప్పై ఎనిమిది మంది ఆడోళ్లు గోడౌన్లో వరుసగా కూచోని పొద్దన్నుంచి సాయంత్రం దాకా బొటనవేళ్లు వాచిపొయ్యేట్లు ఒలుస్తారు. మూటలు మోసేదానికి హమాలీ యేసన్న. లెక్క రాసేదానికి శేషయ్య. మొత్తం నలభై.

ఒలిచేటోళ్లకు ఆకలి కాకుండా ఉంటాదా? కాకూడదని శెట్టిగారి అభిప్రాయం! నోట్లో నాలుగు పప్పులు వేసుకుంటారేమోనని ఆయనకు ప్రాణం పోయేంత భయం. అందుకని సాయంత్రం ఇంటికి పొయ్యేటప్పుడు గేటు కాడ శేషయ్య నిలబడి ఒక్కొక్కరినీ నోరు తెరిపించి చూస్తాడు.

"ఆ అను."

నాలుక పైన చూస్తాడు, నాలుక కింద చూస్తాడు, దవడ సందులో చూస్తాడు. శేషయ్యకు చూపు రొంత తక్కువ. ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరికి పోతేగానీ పప్పేదో పన్నేదో తెలియదు. ఇరవై రెండేండ్లుగా ఇదే ఆచారం.

జూన్ నెల మొదట్లో రామలింగయ్య శెట్టి పేపరు చేత్తో పట్టుకోని ఆఫీసు గదిలోకి వచ్చినాడు.

"శేషయ్యా, ఇది చూసినావా? మద్రాసులో దిగిందంట. రైలెక్కితే మన కదిరికి ఎంతసేపు?"

"ఫ్లూ టిక్కెట్టు కొనదు కదా శెట్టిగారూ, ఇంకా బిరిన, మనకంటే ముందే వస్తాది."

"ఎగతాళి వద్దు! ఇత్తనాల కాలం. వాన పడిందంటే రైతులు బండ్లు కట్టుకోని గేటు కాడికొచ్చి నిలబడతారు. ఒలుపు అయ్యేదాకా మన మిల్లులో ఒక్క కేసు రాకూడదు. ఫ్లూ అనే మాటే వినపడకూడదు. ఏం చేస్తావో చెయ్యి. ఒక్క కేసు లేకుండా ముగించినావంటే..." శెట్టి తలుపు మీదికి చూసినాడు. "ఆ బోర్డు నీది."

ఇరవై రెండేండ్ల ఖాళీ! ఒక పేరు పట్టేంత ఖాళీ! ఆ సాయంత్రానికల్లా కమిటీ పుట్టింది. పేరు, జబ్బు అనే గళ్లతో ఒక ఫ్లూ రిజిస్టరు అచ్చు వేయించినారు. ప్రెసిడెంటు రామలింగయ్య శెట్టి, సెక్రటరీ శేషయ్య, మెంబరు యేసన్న. యేసన్నను ఎందుకు మెంబరు చేసినారంటే బెంచీలు మోసేది ఆయనే కాబట్టి.

మొదటి మీటింగు! మీరు చూసుండల్ల! నలభై మందినీ గోడౌన్లో కూచోబెట్టినారు. గాలికి కాగితాలు ఎగురుతాండాయని తలుపులు మూసినారు. కాయల దుమ్ము లోపల, ఎండ బయట. శేషయ్య లేచి గొంతు సవరించుకోని మొదటి తీర్మానం చదివినాడు: "జనం ఒకచోట గుంపు కూడరాదు."

యేసన్న చెయ్యెత్తినాడు. "సామీ, మరి ఇదేంది?"

"ఇది గుంపు కాదు యేసన్నా. మీటింగు."

చూసినారా, ఎంత చక్కటి సమాధానం! రెండు గంటలు సాగింది మీటింగు. గుంపులు కూడడం వల్ల వచ్చే నష్టాల గురించి ఒక్క గంట. ఊపిరి పక్కోళ్ల మీద పడకూడదనే విషయం గురించి ఇంకొక గంట, అందరూ ఒకరి ఊపిరి ఇంకొకరు పీల్చుకుంటా విన్నారు.

చివర్లో ముందు వరసలోంచి సుంకమ్మ లేచింది. పదకొండేండ్లుగా ఆ మిల్లులో ఒలుస్తాండాది, మస్టరు రోల్లో, అంటే కూలోళ్ల హాజరు పుస్తకంలో, మొదటి పుట మొదటి పేరు ఆమెదే, తలుపు పక్కన గాలి తగిలే చోటు కూడా ఆమెదే.

"ఒక మాట సామీ. ఒళ్లు కాలినోళ్లని ఇంటికాడ పండుకోనియ్యండి. పేరు కొట్టెయ్యాకండి. అంతే."

శెట్టి నవ్వినాడు. శెట్టి నవ్వినాడని శేషయ్య నవ్వినాడు. ఇంత పెద్ద జబ్బు, సముద్రం దాటి వచ్చిన జబ్బు, దానికి రెండు ముక్కల్లో మందా? కమిటీ ఎందుకు మరి? సర్క్యులర్లు ఎందుకు? శేషయ్య మర్యాదస్తుడు కాబట్టి మినిట్స్ పుస్తకంలో 'ఇతర విషయాలు' అనే చోట రాసినాడు: "సుంకమ్మ మాట్లాడినది."

ఇంక పని మొదలైంది చూడండి!

మొదట సర్క్యులరు. చేతులు శుభ్రంగా ఉంచుకోవల్ల, ఒకరు ముట్టుకున్నది ఇంకొకరు ముట్టుకోకూడదు. బ్రహ్మాండమైన సర్క్యులరు! ఒలిచే ఆడోళ్లలో చదువొచ్చినోళ్లు లేరు, అందుకని 'చదివించుకోని తెలుసుకున్నాము' అని అందరి చేతా దాని మీద వేలిముద్ర వేయించినారు. ఒకే కాగితం, ఒకే ఇంకు ప్యాడు, ముప్పై ఎనిమిది బొటనవేళ్లు. మధ్యలో ప్యాడు ఎండిపోతే శేషయ్య తన ఎంగిలితో తడిపి పని ఆగకుండా చూసినాడు.

తర్వాత మూతిగుడ్డలు. పాత గోనెసంచులు చింపి కుట్టించినారు. శెట్టికి ఎంత సంతోషమో! మూతి కట్టేస్తే పప్పు నోట్లోకి యాడ పోతాది? కానీ గోనె దుమ్ముకు కట్టుకున్న ప్రతి ఒక్కరూ తుమ్మబట్టినారు. తుమ్ము నిషిద్ధం అని రెండో సర్క్యులరు. సాయంత్రం కాంగానే మూతిగుడ్డలు మిల్లు ఆస్తి కాబట్టి విప్పి గేటు కాడ ఒకే గంపలో వేసి పోవల్ల. పొద్దన్నే వచ్చి చేతికందింది తీసి కట్టుకోవల్ల. ఈ పొద్దు గంగక్క మూతికి కట్టింది రేపు తిమ్మక్క మూతికి! ఇంతకంటే సమానత్వం యాడన్నా చూసినారా?

ఇంక తాగే నీళ్ల బాన, దానికి గొలుసుతో కట్టిన గ్లాసు. గ్లాసు కడగల్ల అని ఎవరో అన్నారు. కదిరిలో జూన్ నెలలో నీళ్లు! బిందెడు నీళ్ల కోసం బావి కాడ కొప్పులు పట్టుకుంటాండే కాలం! కమిటీ బాగా ఆలోచించి శుక్రవారం శుక్రవారం కడిగేట్లు తీర్మానించింది.

అనంతపురం నుంచి ఒక థర్మామీటరు కూడా తెప్పించినారండీ! ఒకటే. వరస మొదట్లో సుంకమ్మ నాలుక కింద పెట్టి, పంచె కొంగుకు తుడిచి, పక్కామె నాలుక కింద పెట్టి, అట్ల చివరిదాకా. రెండో దినం యేసన్న నోట్లో పెడితే నూటరెండు చూపించింది. శేషయ్య దాన్ని విదిలించి మళ్ల పెట్టినాడు. నూటరెండున్నర! వెంటనే థర్మామీటరు చెడిపోయిందని రాసి బీరువాలో పెట్టి తాళం వేసినాడు. తప్పుడు పరికరాలతో సంస్థలు నడుస్తాయా?

అన్నిటికంటే గొప్పది, గేటు కాడ నోరు చూసే ఆచారం. దాన్ని ఆపలేదు సుమా! రోజుకు ఒకసారి ఉండేది రెండుసార్లు చేసినారు, వచ్చేటప్పుడు ఒకసారి, పొయ్యేటప్పుడు ఒకసారి. పేరు కూడా మార్చినారు: మెడికల్ ఇన్‌స్పెక్షన్!

శేషయ్య భార్య నాగరత్నమ్మ పొద్దన్నే బొరుగుల ఉగ్గాని వడ్డిస్తా అడిగిందంట.

"రోజుకు డెబ్బై ఎనభై నోళ్లల్లో ముక్కు పెట్టి చూస్తాండారే, మీకు రాదా ఆ జబ్బు?"

"నాకెట్ల వస్తాది? నేను సెక్రటరీని!"

"ఊర్లో డాక్టరు కూడా అంత దగ్గరికి పోడు."

"అందుకే ఆయన డాక్టరుగానే ఉండిపోయినాడు. నేను మేనేజర్ని అవుతాండా."

"కానీండి, కానీండి. ఆ గ్లాసు మాత్రం ముట్టుకోకండి, మీకు వేరే చెంబు పెడతా" అనింది నాగరత్నమ్మ. ఆడోళ్లకు కమిటీలంటే గౌరవం లేదు, ఏం చేస్తాం!

ఇదంతా జరిగేటప్పుడు ప్రెసిడెంటు గారు యాడుండారు అంటారా? ముందుజాగ్రత్తగా బుక్కరాయసముద్రంలో కూతురింటికి పోయి, చెరువు గాలి పీల్చుకుంటా, పోస్టుకార్డుల ద్వారా అధ్యక్షత వహిస్తాండారు. ప్రతి కార్డులో ఒకే ప్రశ్న: "సున్నానా?" ప్రతి జవాబులో ఒకే మాట: "సున్నా."

అయితే ఆ థర్మామీటరు తప్పు కాదని చూపిస్తా యేసన్న నిజంగానే పడిపోయినాడు. మూట ఎత్తబోయి మూట మీదనే కూలబడినాడు. కండ్లు ఎర్రగా, ఒళ్లు పెనం మాదిరి. శేషయ్య రిజిస్టరు తెరిచి చూసినాడు. ఒకటి! సున్నా చోట్లో ఒకటి! బోర్డు కండ్ల ముందే గోడలోకి పోతాండాది!

అప్పుడు తట్టింది ఆయనకు ఆ ఐడియా. నేను టోపీ తీసి నమస్కారం పెడతాండా ఆ ఐడియాకు.

మిల్లు రూలు ఏం చెప్తాది? పనికి రాలేనోడు ఎవడైనా సరే తానే వచ్చి ముఖం చూపించి సెలవు అడగల్ల, మూడు దినాలు రాకపోతే పేరు కొట్టెయ్యల్ల. మూడు దినాలు ఎందుకు ఆగల్ల? ముందే కొట్టేస్తే? పేరు మిల్లులో లేనోనికి జబ్బొస్తే అది మిల్లు జబ్బు ఎట్లయితాది? ఊరి జబ్బు అయితాది! దేశం జబ్బు అయితాది! శేషయ్య యేసన్న పేరు మీద గీత కొట్టి, ఆ తర్వాతనే ఆయన నుదురు మీద చెయ్యి పెట్టినాడు.

"పాపం, ఎవురో బయటోనికి జరమొచ్చినట్లుండాది" అన్నాడు.

యేసన్న ఎక్కుతాండిన జరంలో కూడా నవ్వినాడంట. "సామీ, నేను కమిటీ మెంబర్ని."

"మాజీ మెంబరువు యేసన్నా. పో, పండుకో."

ఆ వారంలోనే సుంకమ్మ వంతు. పొద్దన్నే మెడికల్ ఇన్‌స్పెక్షన్ కాడ కంబళి కప్పుకోని వచ్చి నిలబడింది, జూన్ నెల ఎండలో!

"ఏమ్మే సుంకమ్మా, కండ్లు ఎర్రగుండాయే?"

"దుమ్ము సామీ."

"ఒళ్లు వణుకుతాండాదే?"

"గాలి సామీ."

"గాలి యాడుండాదే? తలుపులు మూసేసినాము కదా!"

"ఆ తలుపులు యాడ తెరుస్తారో అని వణుకుతాండా సామీ."

వరసలో ఆడోళ్లంతా మూతిగుడ్డల వెనక కిసకిస నవ్వినారు. శేషయ్యకు కోపమొచ్చింది.

"నిజం చెప్పు. జరమా?"

"నువ్వే చెప్పు. జరమంటే నీ సున్నా పోతాది. కాదంటే నన్ను లోపలికి పోనియ్యల్ల."

"ఇంటికాడ పండుకోకుండా ఏంటికొచ్చినావే?"

"పండుకుంటే పేరు కొట్టేస్తావు కదా! పదకొండేండ్ల పేరు. ఇప్పుడు పోతే మళ్ల ఇత్తనాల కాలందాకా ఎవురు పిలుస్తారు నన్ను? అంతలోపల ఎవురు కూచుంటారు నా చోట్లో?"

శేషయ్య కలం తీసినాడు. మస్టరు రోలు తెరిచినాడు. మొదటి పుట. మొదటి పేరు. కలం ఆ పేరు మీద ఒక్క క్షణం ఆగిందంట, ఇది ఆయనే నాతో చెప్పినాడు. తర్వాత తలెత్తి తలుపు మీది బోర్డు చూసినాడు. గీత కొట్టినాడు.

"నీ పేరు కొట్టేసినా. ఇప్పుడు చెప్పు, నీకేమైంది?"

"జరం" అనింది సుంకమ్మ. కంబళి సర్దుకోని వెనక్కి తిరిగి పోయింది.

ఆ తర్వాత చూడండి వేగం! గీత, గీత, గీత! ఒకరు దగ్గితే గీత, ఇద్దరు వణికితే రెండు గీతలు. ఒకామె దగ్గలేదు, వణకలేదు, ఊరికే ముక్కు గోక్కునింది, ముందుజాగ్రత్తగా గీత! జులై మొదటి వారానికి మస్టరు రోలు ముప్పై తొమ్మిది గీతలతో దున్నిన చేను మాదిరి కనిపిస్తాండాది. గోడ మీద సుద్దతో రాసిన ఫ్లూ కేసుల లెక్క మాత్రం, చెక్కు చెదరని సున్నా! నిండు చందమామ మాదిరి సున్నా!

ఇంగ్లండులో, అమెరికాలో ఇంతమంది డాక్టర్లు ఉండి ఏం లాభం? వాళ్లకు ఈ ఉపాయం తట్టిందా?

అంతలో వాన పడింది.

మా అనంతపురం జిల్లాలో వాన పడడమంటే మీ కోస్తా వాళ్లకు ఎట్ల చెప్పేది! మూడేండ్లుగా మొగం చూపించని చుట్టం వచ్చి తలుపు తట్టినట్లు. తెల్లారేసరికి భూమి అంతా నల్లబడి మెత్తబడి, ఆ వాసన! కానీ ఆ పదును మూడు దినాలే ఉంటాది. ఆలోపల ఇత్తనం వేసుకున్నోడు వేసుకున్నట్లు, లేనోడు మళ్ల ఆకాశం చూసుకుంటా కూచోవల్ల. పొద్దు పొడిచేసరికే మిల్లు గేటు కాడ పదకొండు బండ్లు. మొదటి బండి హనుమంతప్పది, ఆరు మైళ్ల దూరం నుంచి వచ్చినాడు. ఆడికే బుక్కరాయసముద్రం నుంచి బస్సు దిగి రామలింగయ్య శెట్టి కూడా వచ్చినాడు, చంకలో ఒక చెక్క పలక. దాని మీద తెల్ల రంగుతో 'శేషయ్య' అని రాయించుకోని వచ్చినాడు! మాట నిలబెట్టుకునే మనిషి!

శేషయ్య ఆఫీసు గదిలో ఉండాడు. శాలువా కప్పుకోని ఉండాడు.

"సున్నానా?"

"సున్నా శెట్టిగారూ!"

శెట్టి అప్పటికప్పుడే స్టూలెక్కి పలకను మేకులు కొట్టి బిగించినాడు. ఇరవై రెండేండ్ల ఖాళీలో పేరు పడింది. శేషయ్య కండ్లల్లో నీళ్లు తిరిగినాయి, ముక్కులో కూడా.

"ఇంక ఇత్తనాలు తీయించు. బండ్లు ఎదురుచూస్తాండాయి."

"తీయించల్లంటే ఒలవల్ల కదా శెట్టిగారూ."

"ఒలిచేటోళ్లు యాడ?"

"రిజిస్టరు ప్రకారం ఎవురికీ జబ్బు లేదు."

"సంతోషం! మరి యాడుండారు?"

"మస్టరు రోలు ప్రకారం... ఎవురూ లేరు."

శెట్టి గోడౌన్లోకి పోయి చూసినాడు. ఒలవని కాయల కుప్పలు కుప్పలుగా. గంపలో మూతిగుడ్డలు. బాన కాడ గొలుసుకు వేలాడతాండే గ్లాసు, ఆ పొద్దు కడిగే శుక్రవారమే, కడగడానికి మాత్రం ఎవురూ లేరు. లోకంలో ఇంత ఆరోగ్యంగా ఉండే సంస్థ ఇంకొకటి ఉండదు!

హనుమంతప్ప గేటు కాడ నుంచి అరిచినాడు. "ఏమప్పా మేనేజరూ! బోర్డు నాటినావు, బాగుండాది. నేను ఏం నాటల్ల?"

అందరూ కలిసి సుంకమ్మ ఇంటికి పోయినారు. ముందు హనుమంతప్ప, వెనక శాలువాలో శేషయ్య, చంకలో రిజిస్టరు, పది గజాల వెనక ముక్కుకు కండువా అడ్డం పెట్టుకోని శెట్టి. సుంకమ్మ జరం తగ్గి తెల్లబడిన మొగంతో ఇంటి ముందర ఎండలో కూచోని ఉండాది. పక్కన యేసన్న, ఇంకా ముందు పడి ముందు లేచినోళ్లు ఇరవై మంది దాకా.

"సుంకమ్మా, వాన పడింది" అన్నాడు శెట్టి దూరం నుంచి.

"మాకూ పడింది సామీ."

"వచ్చి ఒలవండి. కూలి ఎక్కువ ఇస్తా."

"కూలి సంగతి కాదు. పేర్లు రాయల్ల. ఒళ్లు కాలినోళ్లని ఇంటికాడ పండుకోనియ్యల్ల, పేరు కొట్టెయ్యకూడదు. అదీ రాయల్ల."

"రాయి శేషయ్యా!"

శేషయ్య రిజిస్టరును గుండెకు హత్తుకున్నాడు. "మళ్ల మిల్లోళ్లని రాస్తే ఈ రిజిస్టరులో ముప్పై తొమ్మిది కేసులైతాయి శెట్టిగారూ! సున్నా పోతాది. సున్నా పోతే..." తల మిల్లు వైపు తిప్పినాడు. పేరు పడి గంట కూడా కాలేదు!

"నీ సున్నా తీసుకపోయి నా సేన్లో చల్లుకోమంటావా?" అన్నాడు హనుమంతప్ప.

సుంకమ్మ లేచి శేషయ్య దగ్గరికొచ్చింది. కండ్లు చిన్నవి చేసి చూసింది, ఆయన గేటు కాడ చూసినట్లే, ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరగా.

"ఏం సామీ, కండ్లు ఎర్రగుండాయే?"

"దుమ్ము."

"ఒళ్లు వణుకుతాండాదే?"

"గాలి!"

"గాలి యాడుండాది సామీ?"

శేషయ్య నిలబడిన చోటే తూలినాడు. సుంకమ్మ ఆయన్ను పట్టుకోని తన కంబళి మీద కూచోబెట్టింది, నుదురు మీద చెయ్యి పెట్టింది.

"పెనం మాదిరి ఉండావు కదా. ఎన్ని దినాలుగా దాచుకుంటాండావు? పండుకో. పేరు పోతాదని భయపడాకు సామీ, మేము కొట్టెయ్యం."

శేషయ్య పండుకోలేదు. రిజిస్టరులో పుట తిప్పినాడు. పై వరసలో సుంకమ్మ పేరు రాసినాడు, కింద యేసన్న పేరు, ఆ కింద ముప్పై ఏడు పేర్లు. ఎదురుగా జబ్బు అనే చోట అందరికీ 'ఫ్లూ'. ఇంక ఒక వరస మిగిలింది. అందులో తన పేరు రాసుకోని, కలం కింద పెట్టి, పండుకున్నాడు.

ఆ పొద్దు, మర్నాడు, ఆ మర్నాడు లేవగలిగినోళ్లంతా ఒలిచినారు. పదకొండు బండ్లలో ఆరు నిండి పోయినాయి. అయిదు ఖాళీగా తిరిగి పోయినాయి, అప్పటికి పదును ఆరిపోయింది. ఆ అయిదు బండ్లను ఏ జబ్బు కింద రాయల్లో రిజిస్టరులో చోటు లేదు. అచ్చు వేయించేటప్పుడు కమిటీ ఆ సంగతి ఆలోచించలేదు.

మొదటి సాయంత్రం గేటు కాడ ఇన్‌స్పెక్షన్ ఎవరు చేయల్ల? సెక్రటరీ కంబళిలో ఉండాడు. ఆచారం ఆపకూడదు కదా, రామలింగయ్య శెట్టే కండువా దించి నిలబడినాడు. మొదట సుంకమ్మ.

"ఆ అను."

సుంకమ్మ తల పైకెత్తి నోరు బాగా తెరిచి "ఆ" అనింది. శెట్టి వంగి చూసినాడు. ఆమె ఒకసారి దగ్గింది.

ఒక్కసారే!

మళ్ల శెట్టి కనపడింది బుక్కరాయసముద్రంలోనే. నోరు చూసే ఆచారం, ఇరవై రెండేండ్ల ఆచారం, ఆ దగ్గుతో పోయింది. ఏ సర్కారూ, ఏ సంఘమూ మాన్పించలేనిది! ఇప్పుడన్నా ఒప్పుకుంటారా, ఫ్లూ రావడం అదృష్టమని?

బోర్డు సంగతి అడుగుతారేమో. పలకను పీకమని శెట్టి పోస్టుకార్డు రాసినాడు. పీకడానికి స్టూలు ఎక్కల్ల కదా, యేసన్న స్టూలు యాడ పెట్టినాడో మర్చిపోయినాడంట. ఇంకా ఎతుకుతాండాడు.

కాబట్టి సంస్థలు నడిపే పెద్దలారా, మళ్ల ఫ్లూ వచ్చేలోపల కదిరి వచ్చి ఆ రిజిస్టరు చూసి పొండి. మొదటి పుట చూడండి, ఎర్ర సిరా, రెండు గీతలు, ఎంత గుండ్రంగా ఉండాదో ఆ సున్నా! మీ కమిటీలకు అది చాలు. రెండో పుట మాత్రం తిప్పాకండి. పేర్ల కింద, పండుకోబొయ్యే ముందు శేషయ్య సుంకమ్మ మాట కూడా పూర్తిగా రాసినాడు, ఈ తూరి 'ఇతర విషయాలు' అని రాయకుండా. ఒకటిన్నర వరస కూడా లేదు. అది చదివినారంటే ఇంక ఫ్లూకు తయారు కావడానికి మన కమిటీలకు ఏం పనీ మిగలదు!